నీలం వీపు కాగితం

పోస్టరు అంటించేవాడికి పోస్టరు కనపడదు. చెబితే నవ్వుతారు గానీ, నిజం. నిచ్చెనెక్కినవాడి ముక్కుకీ గోడకీ మధ్య ఉండేది జానెడు. అంత దగ్గర్నుంచి చూస్తే పెదవి అనేది ఎర్ర చుక్కల గుంపు, జుట్టు అనేది నల్ల చుక్కల గుంపు. అది సబ్బు పోస్టరో సినిమా పోస్టరో కూడా తెలియదు. కాగితం వెనక నంబరు చూడాలి, అంచు చూడాలి, బుడగ లేకుండా చూడాలి. బొమ్మ సంగతి కింద నడిచిపోయేవాళ్ళు చూసుకుంటారు.

మేస్త్రి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పనే చేస్తున్నాడు. అసలు పేరు ఇంట్లోవాళ్ళకే గుర్తుండాలి, ఊరంతటికీ మేస్త్రే. ఆ సోమవారం పొద్దున నాలుగురోడ్ల కూడలిలో, పాత గిడ్డంగి గోడ మీద, పన్నెండు కాగితాల పోస్టరు పడాలి. పై వరస ఆరు, కింది వరస ఆరు. ఎప్పుడూ కింది వరసే ముందు. అప్పుడే పై కాగితం అంచు కింది కాగితం మీదికి రెండు వేళ్ళ మేర దిగుతుంది, వాన నీళ్ళు లోపలికి దూరకుండా జారిపోతాయి. అందరు మేస్త్రీలూ ఎడమ చివర మొదలుపెట్టి కుడికి వెళతారు. ఈయనది ఎడమచేతి వాటం. కుడి చివర మొదలుపెట్టి ఎడమకి వస్తాడు. అందుకని ఈయన అతుకుల్లో ఎడమ కాగితం కుడిదాని మీదికి ఎక్కుతుంది, లోకమంతటికీ తిరగబడి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని తోటివాళ్ళు వేళాకోళం చేస్తారు.

కింద బక్కెట్లో పిండి జిగురు కలుపుతున్నది బావమరిది, మేస్త్రి భార్యకి సొంత తమ్ముడు. నలభై దాటినా నోరు మాత్రం పదహారు దగ్గరే ఆగిపోయిన మనిషి. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుంటాడు, రెండో చెయ్యి ఊపుతూ దారిన పోయేవాళ్ళందరితో కబుర్లాడతాడు. నిచ్చెన కదులుతోందిరా అంటే, భూమి తిరుగుతోంది బావా, నేనేం చెయ్యను అంటాడు.

పై వరసలో మూడో నంబరు కాగితం దగ్గర కాస్త ఇబ్బందైంది. జిగురు ఒక చోట పల్చబడి ఎక్కడో ఒక బుడగ నిలిచిపోయింది. బొమ్మలో అది కంటి కింద చోటు, ఆయనకి మాత్రం చుక్కలే. మేస్త్రి బొటనవేలు ఆనించి, దాన్ని చెంప మీదుగా చెవి దాకా తోసుకుపోయి, అంచు దగ్గర గాలి వదిలేశాడు. అరచేత్తో రెండుసార్లు రాశాడు. తడిబట్టతో తుడిచాడు. సరిపోయింది.

పదకొండయ్యేసరికి పని ముగిసింది. నిచ్చెన దిగి, చేతులు కడుక్కుని, రోడ్డు దాటి టీకొట్టు ముందు నిలబడ్డాక గానీ ఏ మేస్త్రీ తన పని వెనక్కి తిరిగి చూడడు. బావమరిది అప్పటికే చూశాడు. అమ్మాయి బాగుంది గానీ మరీ పొడుగు, కట్టుకునేవాడు స్టూలు వెంట తెచ్చుకోవాలి అని టీకొట్టువాడితో అంటున్నాడు.

బట్టల కంపెనీ పోస్టరు. ఆకుపచ్చ కోటు వేసుకున్న అమ్మాయి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, ఎవరినీ బతిమాలనట్టు చూస్తోంది. పక్కన పెద్ద అక్షరాలు: ఎవరి కొలత వారిదే.

మేస్త్రి టీ గ్లాసు నోటి దగ్గరికి తీసుకెళ్ళి అక్కడే ఆపేశాడు. మొహం చూసి కాదు. మొహాన్ని ఫోటోవాళ్ళు నున్నగా చేసేశారు, కనుబొమ్మ మీద ఉండాల్సిన గాటు కూడా లేదు. నిలబడిన తీరు చూసి. ఎడమ భుజం ఇంత కిందికి వాలి ఉంది. ఒక పక్కన బరువు మోసి మోసి అలవాటైనవాళ్ళు అట్లా నిలబడతారు. పదేళ్ళ వయసు నుంచీ బడి సెలవుల్లో జిగురు బక్కెట్టు మోసిన భుజం అది.

బుజ్జి.

నాలుగేళ్ళ క్రితం, కొడుకుగా పుట్టావు, ఈ గడపలో ఉండాలంటే కొడుకులా ఉండు అన్నాడు తను. అన్నది ఆ ఒక్క మాటే. ఆ మాట అన్నాక బుజ్జి మళ్ళీ గడప తొక్కలేదు. ఇప్పుడు ఆ చెంపని తన బొటనవేలే రాసింది, తన అరచెయ్యే తుడిచింది, తనకి తెలియనే లేదు. టీ చల్లారిపోయింది. ఎందుకు బావా అట్లా ఉన్నావు, అతుకు తప్పిందా అని బావమరిది అడిగితే, లేదు, అంతా సరిగ్గానే ఉంది అన్నాడు.

*

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. మేస్త్రి ఇంట్లో ఏమీ చెప్పలేదు. భార్య ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేస్తుంది. పొద్దున ఏడింటికి బస్సు. రెండు బస్సులు వెళతాయి అటు. ఒకటి నేరుగా పోతుంది, రెండోది ఊరంతా చుట్టి, కూడలి మీదుగా, ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరుతుంది. ఆవిడ పాతికేళ్ళుగా నేరుగా పోయే బస్సే ఎక్కుతోంది.

మంగళవారం మేస్త్రికి పని ఊరి అవతల. అయినా సైకిలు కూడలి మీదుగానే వెళ్ళింది. పోస్టరు ఆరాక ఎట్లా ఉందో చూడాలి కదా అని తనకి తనే చెప్పుకున్నాడు. ఆరింది. ఎండలో ఆకుపచ్చ కోటు నిగనిగలాడుతోంది. బడికి పోయే ఆడపిల్లలిద్దరు కింద నిలబడి, ఆ కోటు తమకైతే ఎంత వరకు వస్తుందో కొలుచుకుంటున్నారు. మేస్త్రికి సిగ్గేసింది. ఆ సిగ్గు కింద ఇంకోటేదో కూడా ఉంది. ఆ రెండోదానికి పేరు పెట్టడానికి ఆయనకి బుధవారం దాకా పట్టింది. అది గర్వం.

బుధవారం పొద్దున టీకొట్టు దగ్గర ఉండగా చుట్టుబస్సు వచ్చి ఆగింది. కిటికీ పక్క సీట్లో, గోడ వైపు మొహం పెట్టి, భార్య కూర్చుని ఉంది. బస్సు కదిలేదాకా ఆవిడ రెప్ప వెయ్యలేదు. కదిలాక కూడా మెడ తిప్పి చూస్తూనే పోయింది. మేస్త్రి టీకొట్టు వెనక్కి తప్పుకున్నాడు, తేలు కుట్టిన దొంగలా.

సాయంత్రం ఆవిడ బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా, "మీరు అంటించిన రోజే చూశాను, సాయంత్రం నేరు బస్సు దొరక్క చుట్టుబస్సెక్కితే" అంది.

మేస్త్రి వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"బుజ్జి బాగుంది కదా" అంది ఆవిడ. ఎక్కడా తడబడలేదు. ఎన్నాళ్ళుగానో లోపల అట్లా అనుకుని అలవాటైనట్టు అంది.

"చిక్కింది" అన్నాడు మేస్త్రి.

కాసేపు ఇద్దరూ ఒకే దుప్పటిని చెరో అంచూ పట్టుకుని మడతపెట్టారు. ఆవిడకి నవ్వొచ్చింది. ఆ ఇంట్లో ఆవిడ నవ్వి చాలా కాలమైంది. కోటు గుండీలు ఎంత పెద్దవో చూశారా, పళ్ళాలంత ఉన్నాయి అంది. గుండీ ఒక్కోటీ నా తలకాయంత ఉంది, అంటించినవాణ్ణి నాకు తెలీదా అన్నాడు మేస్త్రి. అంటించేటప్పుడు అది బుజ్జి అని తెలీలేదని మాత్రం చెప్పలేదు.

*

బట్టల కంపెనీవాళ్ళు ఊరుకుని ఉంటే ఊరు ఊరుకునేదే. గొప్పకి పోయారు. మా పోస్టరులో ఉన్న అమ్మాయి పుట్టుకతో అబ్బాయి, అయినా సరే ఎవరి కొలత వారిదే అన్నది మా నమ్మకం అని పత్రికలో చెప్పారు. గురువారానికల్లా అది ఫోన్లన్నిటిలోకీ ఎక్కింది. నిన్నటిదాకా ఆ కోటు ఎంతో అని అడిగినవాళ్ళే ఇవాళ గోడ కింద నిలబడి ఛీ అన్నారు. బొమ్మ అదే, కోటు అదే.

శుక్రవారం మందిరంలో ప్రార్థన. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. మేస్త్రి కుటుంబం ఎప్పుడూ వెనక వరసే, చేతులకి జిగురు వాసన పోదని. మందిరం పెద్దాయన మంచివాడని ఊళ్ళో పేరు. మేస్త్రి నిచ్చెన మీంచి పడి కాలు విరిగినప్పుడు రెండు నెలలు ఇంటికొచ్చి కూర్చుని ధైర్యం చెప్పాడు. ఆ మనిషే ఇవాళ గొంతు పెంచకుండా, బాధపడుతున్నట్టుగా, గోడల మీద పాపాన్ని అంటిస్తున్నారు అన్నాడు. దేవుడు గీసిన గీతని చెరిపేవాళ్ళు వాళ్ళు అన్నాడు. వాళ్ళని కన్నవాళ్ళు ఎక్కడో తలదించుకుని ఉంటారు, వాళ్ళ కోసం కూడా ప్రార్థిద్దాం అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మేస్త్రి తలదించుకున్నాడు. మరీ దించుకుంటే తెలిసిపోతుందని మళ్ళీ ఎత్తాడు.

ఆ బొమ్మ గోడ మీంచి పోవాలనేవాళ్ళు, ఆ కంపెనీ బట్టలు ఇక కొననివాళ్ళు చేతులెత్తండి అన్నాడు పెద్దాయన. మేస్త్రి ముందున్న చేతులన్నీ లేచాయి. పక్కన బావమరిది చెయ్యి లేచింది. మేస్త్రి ఎడమ చెయ్యి కూడా లేచింది. వేళ్ళ సందుల్లో ఎండిన జిగురు పెచ్చులు తెల్లగా కనిపించాయి. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూశాడు. ఆడవాళ్ళ వైపు మాత్రం చూడలేదు.

ఇంటికి వచ్చే దారిలో, సందు మలుపులో భార్య ఆగింది.

"మీరు చెయ్యెత్తారు."

"నువ్వు?"

"నేనూ ఎత్తాను" అంది ఆవిడ. "పక్కనావిడ నన్నే చూస్తోంది."

ఇద్దరూ ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

*

శనివారం పొద్దున పోస్టరు మీద కాలిన ఇంజను నూనె పోసి ఉంది. ఎవరు పోశారో ఊరందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. మొహం మీంచి కోటు మీదికి నల్లగా కారింది. అక్షరాలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, ఎవరి కొలత వారిదే అని.

బట్టల కంపెనీ మూడు రోజులు కూడా నిలబడలేదు. ప్రజల మనోభావాలు దెబ్బతిన్నందుకు చింతిస్తున్నాం అని ఒక కాగితం రాసి పారేసింది. ఆ పోస్టరులో నిలబడ్డ మనిషి గురించి అందులో ఒక్క మాట లేదు. ప్రకటనల ఆఫీసు సూపర్‌వైజరు మేస్త్రిని పిలిపించాడు. కొత్త పోస్టరు రావడానికి పది రోజులు పడుతుంది, ఈలోగా తెల్ల కాగితం వేసి మూసెయ్యాలి, రేపు పొద్దున పదింటికల్లా అయిపోవాలి, తనే వచ్చి చూస్తాడు. ఈ పని వేరేవాడికి ఇద్దామనుకున్నా, అయినా నీ చేతిలో పడితే బుడగ కూడా ఉండదు కదా మేస్త్రీ అని మెచ్చుకున్నాడు. మేస్త్రి తలూపాడు. మింగలేడు, కక్కలేడు.

పాత పోస్టరుని పీకడం ఈ పనిలో లేదు. దాని మీదే కొత్తది అంటిస్తారు. ఆ గిడ్డంగి గోడ మీద ఇరవై ఎనిమిదేళ్ళ పోస్టర్లు ఒకదాని వెనక ఒకటి అట్లాగే ఉన్నాయి, అట్టలా గట్టిపడి. కాకపోతే కింది బొమ్మ పైకి కనపడకుండా ఉండాలంటే మామూలు కాగితం పనికిరాదు. వెనకవైపు నీలంరంగు పూసిన మందం కాగితం ఒకటుంది. దాని కింద ఏమున్నా పైకి రాదు. మేస్త్రీలు దాన్ని నీలం వీపు అంటారు. పల్చటి తెల్ల కాగితం వేస్తే ఆరి ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. నాలుగు చినుకులు పడ్డాయంటే కింద ఉన్నదంతా పైకి తేలుతుంది. పనిలో చేరిన మొదటి నెలలో కుర్రమేస్త్రీలు చేసే తప్పు అది. ఒకసారి తిట్లు తింటే మళ్ళీ చెయ్యరు.

ఆఫీసువాళ్ళు నీలం వీపు కట్టే ఇచ్చారు. ఆదివారం ఆరింటికి మేస్త్రి దాన్ని కాగితాలు దాచే షెడ్డులోనే వదిలేసి, మూల పడి ఉన్న పల్చటి కాగితాల కట్ట సైకిలుకి కట్టాడు. బావమరిది చూశాడు. కట్ట బరువు చూడగానే తెలిసిపోతుంది, కొత్తవాడేం కాదు. ఏమీ అనలేదు. ఆ మనిషి ఏమీ అనకపోవడం మేస్త్రి చూడటం అదే మొదలు.

నూనె మీద జిగురు పట్టదు. అందుకని ముందు నూనె తియ్యాలి. ఇది పని, దీనికి ఎవరూ వంక పెట్టలేరు. మేస్త్రి నిచ్చెనెక్కి, గుడ్డ కిరసనాయిల్లో ముంచి, మూడో నంబరు కాగితం దగ్గర మొదలుపెట్టాడు. నుదురు, కనుబొమ్మ, రెప్ప. గట్టిగా రుద్దితే రంగు లేచిపోతుంది. పసిపిల్లకి ముక్కు తుడిచినట్టు అద్ది అద్ది తీశాడు. ఈసారి తనేం చూస్తున్నాడో తెలుసు. చుక్కల గుంపులే, కానీ ఇది కన్ను, ఇది చెంప. అరగంట పట్టింది. కింద బావమరిది తల పైకెత్తి చూస్తూ నిచ్చెనని రెండు చేతులా పట్టుకున్నాడు. ఈసారి నిచ్చెన కదల్లేదు.

మొహం మీద కాగితం వేసేటప్పుడు మేస్త్రి చిన్నగా, "రెండ్రోజుల్లో వానొస్తుంది లే" అన్నాడు. ఎవరితో అన్నాడో ఎవరికీ తెలియదు.

పదింటికి సూపర్‌వైజరు వచ్చాడు. ఆరిన గోడ పాలలా తెల్లగా ఉంది. బ్రహ్మాండం అని వెళ్ళిపోయాడు.

*

మేస్త్రి లెక్క ఇది. వాన పడ్డప్పుడల్లా బుజ్జి పైకి వస్తుంది, ఆరగానే దాక్కుంటుంది. చూడాల్సినవాళ్ళకి ఎప్పుడు చూడాలో తెలుస్తుంది. మిగతావాళ్ళు వానలో తల దించుకుని ఇళ్ళకి పరిగెత్తుతారు, గోడల వైపు ఎవరు చూస్తారు? భార్యకి చెబితే ఆవిడ ఆ రోజు మబ్బుల్నే చూస్తూ గడిపింది. ఆరేసిన దుప్పట్లు తడుస్తాయన్న బెంగ కూడా లేదు.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి వాన మొదలైంది. భార్య పని ముగించుకుని చుట్టుబస్సులో వచ్చి కూడలిలో దిగింది. మేస్త్రి టీకొట్టు చూరు కింద ఉన్నాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. మొదట అక్షరాల నీడ కనపడింది. తర్వాత గుండీలు. ఆకుపచ్చ రంగు తెల్ల కాగితంలోంచి మెల్లగా ఊరింది. చివరికి మొహం వచ్చింది, కాస్త మసకగా, నిద్రలేస్తున్నట్టు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రికి గుండె నిండిపోయింది. ఈ పనిలో ఇరవై ఎనిమిదేళ్ళు ఉన్నందుకు ఇవాళ ఒక్కరోజు చాలనుకున్నాడు.

ఆయన లెక్కలో రాని సంగతి ఒకటుంది. కూడలిలో బస్సుల కోసం కట్టిన పెద్ద రేకుల షెడ్డు ఉంది. వాన పడితే ఊరు ఇళ్ళకి పరిగెత్తదు, ఆ షెడ్డు కిందికి పరిగెత్తుతుంది. ఆరోజు రెండొందల మంది దాకా అక్కడ ఇరుక్కుని నిలబడ్డారు. చెయ్యడానికి పని లేదు, ఎదురుగా గోడ తప్ప చూడటానికి ఏమీ లేదు. నిచ్చెన మీద బతుకు గడిపినవాడికి కింద నిలబడ్డవాళ్ళ సంగతి తట్టలేదు.

ముందు ఒకడు వేలు చూపించాడు. తర్వాత ఫోన్లు లేచాయి. మూసేసిన బొమ్మ మళ్ళీ పైకొచ్చిందంటే కంపెనీ మనల్ని వెక్కిరిస్తోందని ఒకడన్నాడు. ఇది దెయ్యం పని అని ఒక ముసలావిడ దణ్ణం పెట్టుకుంది. సాయంత్రానికి ఊరంతా అదే మాట, మందిరం ముందు అదే మాట. కంపెనీ ఎక్కడో దూరాన ఉంది, దాని అద్దాలు వీళ్ళ రాళ్ళకి అందవు. బొమ్మలో మనిషి ఎక్కడుంటుందో వెతకడం అంతకంటే సులువు.

బుధవారం పొద్దునకల్లా బుజ్జి ఉండే వీధి పేరు కూడా ఫోన్లలోకి వచ్చేసింది. అది విని భార్య పనికి వెళ్ళలేదు. కంచం ముందు కూర్చుని, మీరు ఆ మందం కాగితమే వేసి ఉంటే అని మొదలుపెట్టి, పూర్తి చెయ్యకుండా లేచిపోయింది.

*

బుధవారం మధ్యాహ్నం మేస్త్రి ఫోను మోగింది. తెలియని నంబరు. సూపర్‌వైజరు ఇంకో ఫోనులోంచి తిట్టడానికి చేశాడేమో అనుకుని ఎత్తాడు.

"నాన్నా, నేను."

గొంతు మారింది. మాట మొదలుపెట్టే ముందు చిన్న ఊపిరి తీసుకోవడం మారలేదు. మేస్త్రి కాగితాల షెడ్డులో ఒక కట్ట మీద కూర్చుండిపోయాడు.

"ఎక్కడున్నావు?"

"చెప్పను. చెబితే వస్తావు."

వస్తాను, అమ్మ కూడా వస్తుంది, సైకిలు మీద కాదు ఆటో మాట్లాడుకుని వస్తాను అన్నాడు. బుజ్జి నిదానంగా, ఎవరికో జరిగింది చెబుతున్నట్టు చెప్పింది. రాత్రి గది కిటికీ మీద రాళ్ళు పడ్డాయి. తలుపు మీద ఏదో రాశారు. ఇంటావిడ మంచిదే, ఏడ్చింది, ఏడుస్తూనే ఖాళీ చెయ్యమంది. పోస్టరు మూసేశాక రెండు రోజులు జనం మర్చిపోయారు. వీధి చివర కొట్టతను మళ్ళీ పాలు కూడా అమ్మాడు. వానకి అది మళ్ళీ తేలాక మొదలైంది ఇదంతా.

"నువ్వు కావాలనే పల్చటిది వేశావు కదా?"

నేను వేశానని ఎట్లా తెలుసు అని అడిగాడు మేస్త్రి.

"మొదటి రోజే వచ్చాను చూడ్డానికి, ముసుగేసుకుని. కింది అతుకు చేత్తో తడిమాను. ఎడమ కాగితం కుడి కాగితం మీదికి ఎక్కింది. ఈ ఊళ్ళో అట్లా అతికేది ఇంకెవరు?" బుజ్జి నవ్వినట్టుంది. "బాగా అంటించావు నాన్నా. ఒక్క బుడగ లేదు. అది తడుముతూ చాలాసేపు నిలబడ్డాను."

రోడ్డు అవతల టీకొట్టులో తను ఉన్నాడో లేడో, ఆ ముసుగు మనిషిని చూశాడో లేదో మేస్త్రికి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"ఒకటి అడగనా?" అంది బుజ్జి. "నన్ను గుర్తుపట్టే అంటించావా, అంటించాక గుర్తుపట్టావా?"

"చూడగానే గుర్తుపట్టాను తల్లీ" అన్నాడు మేస్త్రి. "కాగితం విప్పగానే."

అబద్ధం. బతుకులో ఆయన చెప్పిన అబద్ధాలన్నీ కలిపినా ఇంత బరువు ఉండవు. బుజ్జి నమ్మిందో లేదో తెలియదు. ముందే తెలిసి, అయినా ఆ మాట కావాలని అడిగిందేమో కూడా తెలియదు.

"సరే. నాకోసం ఒక పని చెయ్యి" అంది. "నీలం వీపుది వెయ్యి నాన్నా. ఒకదాని మీద ఒకటి, రెండు పొరలు. జిగురు చిక్కగా కలపమను మామయ్యని."

మామయ్యకి ఇదంతా తెలుసని నీకెట్లా తెలుసు అని అడుగుదామనుకున్నాడు. ఈలోపే బుజ్జి, అమ్మకి చెప్పు, ఆ కోటు నాకే ఇచ్చేశారు, చలికి బాగుంటుంది అంది. ఫోను ఆగిపోయింది. వెంటనే మళ్ళీ చేశాడు. మర్నాడు చేశాడు. ఆ నంబరు పనిచెయ్యడం లేదని ఒక ఆడగొంతు ఓపికగా చెబుతూనే ఉంది.

*

సూపర్‌వైజరు తిట్టాల్సినవన్నీ తిట్టాడు. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడివి, కుర్రాళ్ళు చేసే తప్పు నువ్వు చేస్తావా అన్నాడు. కట్ట మారిపోయింది అన్నాడు మేస్త్రి. తప్పు ఒప్పుకుంటే అక్కడితో పోయింది. పని మళ్ళీ ఆయనకే ఇచ్చారు.

గురువారం పొద్దున బావమరిది తనంత తానే ముందుగా వచ్చి జిగురు కలిపి ఉంచాడు. కర్ర నిలబెడితే నిలిచేంత చిక్కగా ఉంది. ఎవరు చెప్పారని మేస్త్రి అడగలేదు. నిచ్చెన గోడకి ఆనిస్తూ బావమరిది, "నేనూ చెయ్యెత్తాను బావా ఆ రోజు" అన్నాడు. "అప్పటికే తెలుసు నాకు. సోమవారమే తెలుసు, టీకొట్టు దగ్గర. నువ్వేమీ అనట్లేదని నేనూ ఏదో వాగుతూ ఉన్నా."

మేస్త్రి అతని భుజం మీద చెయ్యి వేసి, నిచ్చెనెక్కాడు.

కింది వరస ముందు. కుడి చివర నుంచి. నీలం వీపు బరువుగా ఉంటుంది, తడిస్తే ఇంకా బరువు, రెండు చేతులా మోసి ఎక్కాలి. ఒక్కో కాగితాన్నీ అంచు కలిపి, మధ్యలోంచి బయటికి కుంచెతో నొక్కుతూ వచ్చాడు. మూడో నంబరు చోటికి వచ్చాక ఒక్క క్షణం ఆగాడు. పల్చటి కాగితం కొత్త జిగురుకి తడిసి, కన్ను పైకి వచ్చింది. జానెడు దూరం. ఇంత దగ్గరగా కన్ను కన్నులా కనపడదు. ఆయనకి కనపడింది. కుంచె ఎత్తి, నీలం వీపు దాని మీద పరిచాడు. బొటనవేలితో చెంప మీదుగా చెవి దాకా గాలి తోసేశాడు. అరచేత్తో రెండుసార్లు రాశాడు. ఆరాక దాని మీద రెండో పొర వేశాడు.

శనివారం మళ్ళీ వాన వచ్చింది, మొన్నటికంటే గట్టిగా. రేకుల షెడ్డు కింద జనం కిక్కిరిసి నిలబడ్డారు. కొందరు ఫోన్లు చేతిలో సిద్ధంగా పెట్టుకుని గోడవైపే చూశారు. గంటసేపు చూశారు. నీళ్ళు గోడ మీంచి కాలువల్లా జారిపోయాయి. ఒక్క అంచు లేవలేదు, ఒక్క నీడ కదల్లేదు. సూపర్‌వైజరు కారు అద్దం దించి, ఇదీ పనంటే మేస్త్రీ అని అరిచి వెళ్ళాడు. జనం ఫోన్లు జేబుల్లో పెట్టేసుకుని బస్సుల సంగతి మాట్లాడుకోసాగారు. ఇరవై ఎనిమిదేళ్ళలో మేస్త్రి అంత బాగా అంటించింది ఇంకోటి లేదు.

చుట్టుబస్సు వచ్చి ఆగింది. భార్య దిగి, తడుస్తూ రోడ్డు దాటి, టీకొట్టు చూరు కిందికి వచ్చి ఆయన పక్కన నిలబడింది. తెల్లటి గోడని చాలాసేపు చూసింది.

"లోపల ఉందా?" అంది.

"ఉంది" అన్నాడు మేస్త్రి.

ఆవిడ తలూపింది. కొంగు పిండుకుని, తర్వాతి బస్సు ఎన్నింటికి అని అడిగింది.